అర్జెంట్ లోడుకు ఆన్‌లైన్ బిడ్డింగ్: వరంగల్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల కోసం

సాయంత్రం నాలుగున్నరకు పూణె దగ్గరి చాకన్ నుంచి ఫోన్. "మీ పార్టుల స్టాక్ అయిపోవచ్చింది. రేపు సాయంత్రం ఆరు లోపల రాకపోతే మా లైన్ ఆగిపోతుంది." మడికొండ షెడ్డులో సరుకు తయారుగా ఉంది, బండి మాత్రం లేదు. రోజూ వచ్చే ట్రాన్స్‌పోర్టరు "రేపు పొద్దున చూద్దాం సార్" అంటాడు. అడ్డాకు మనిషిని పంపితే అక్కడున్న లారీలన్నీ వడ్ల కేంద్రాలకు మాట్లాడుకున్నవే. ఇలాంటి సాయంత్రాలు చిన్న ఫ్యాక్టరీ నడిపే ప్రతివాళ్లకూ తెలుసు.

ఇప్పుడు ఇలాంటి లోడును వాహక్, బ్లాక్‌బక్ లాంటి యాప్‌లలోనో, మన సొంత ట్రాన్స్‌పోర్టర్ల వాట్సాప్ గ్రూపులోనో పెట్టి బిడ్లు, అంటే ఎవరు ఎంత కిరాయికి వస్తారో రేట్లు, పిలవొచ్చు. డిస్పాచ్ పనిలో నేను నేర్చుకున్నది ముందే చెప్పేస్తాను. మామూలు లోడుకు బిడ్డింగ్ పెట్టేది కిరాయి తగ్గించుకోవడానికి. అర్జెంట్ లోడుకు పెట్టేది, ఎక్కడో ఖాళీగా నిలబడ్డ సరైన బండిని గంటలోపల పట్టుకోవడానికి. ఈ తేడా మరిచిపోయి తక్కువ రేటు వెంట పడ్డ ప్రతిసారీ నేను దెబ్బతిన్నాను.

ముందు ఐదు నిమిషాలు లెక్క

ఫోన్ పెట్టేయగానే లోడు పోస్ట్ చేయకండి. సరుకు కొనే పార్టీని మూడు ప్రశ్నలు అడగండి. నిజంగా ఎన్నింటికి కావాలి? ఎంత సరుకు వస్తే లైన్ ఆగకుండా నడుస్తుంది? రాత్రి పూట దింపుకుంటారా?

రెండో ప్రశ్నకు వచ్చే జవాబే డబ్బు మిగులుస్తుంది. పర్చేజ్ మనిషి "మొత్తం 2,400 కిలోలు రేపే కావాలి" అంటాడు. ఒక రోజు షిఫ్టులకు ఎంత పడుతుందని అడిగితే 300 కిలోలని తేలుతుంది. ఆ 300 కిలోలను చిన్న బండిలో ఈ రాత్రే పంపి, మిగతాది మామూలు కిరాయికి ఎల్లుండి పంపొచ్చు. అలా చేసేటప్పుడు రెండు బండ్లకు రెండు ఇన్‌వాయిస్‌లు, రెండు ఈ-వే బిల్లులు (జీఎస్టీ కింద సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ పత్రాలు) వేరువేరుగా చేయించండి. ఒకే బిల్లు మీద రెండు బండ్లు పంపి దారిలో జవాబు చెప్పుకునే పని పెట్టుకోవద్దు.

ఇంకా చిన్న సరుకైతే లారీ ఊసే అక్కర్లేదు. హైదరాబాద్ దాకా పోవాల్సిన పెట్టెకు ఆర్టీసీ కార్గో ఉంది. 2020లో మొదలైన ఈ సర్వీసులో హనుమకొండలో పొద్దున వేసిన పెట్టె చాలాసార్లు అదే రోజు అందుతుంది. రైలు దారిలో ఉన్న ఊళ్లకైతే కాజీపేట, వరంగల్ స్టేషన్ల పార్సెల్ ఆఫీసులున్నాయి. విమానంలో పంపాలంటే, మామునూరు నుంచి విమానాలు మొదలయ్యే దాకా మనకు శంషాబాదే దిక్కు. అక్కడిదాకా పోయే రోడ్డు టైము, కార్గో టెర్మినల్‌లో అప్పగించాల్సిన టైము, అవతల దింపుకునే టైము మూడూ కలిపి చూస్తే, 700 కిలోమీటర్ల లోపు దూరానికి నేరుగా పోయే బండే చాలాసార్లు ముందు చేరుతుంది.

ఇక డబ్బు. ఆలస్యమైతే పార్టీ మన బిల్లులో ఎంత కోస్తుంది? గంటకా, రోజుకా? ఆ అంకె తెలియకుండా "ఎంతైనా పర్లేదు, పంపండి" అనే యజమానులే మరుసటి నెల బిల్లు చూసి డిస్పాచ్ వాణ్ని తిడతారు. నష్టం 20 వేలయ్యే చోట అదనంగా 25 వేల కిరాయి పెట్టడంలో అర్థం లేదు. పార్టీకి నిజం చెప్పి ఒక పూట గడువు అడగడం నయం.

ఆ రాత్రి రాకముందే సర్దుకోవాల్సినవి

అర్జెంట్ లోడు సగం పని ఆ లోడు రాకముందే అయిపోయి ఉండాలి.

యాప్‌లలో ఖాతా తెరిచి, జీఎస్టీ, పాన్ వివరాలు పెట్టి ధ్రువీకరణ చేయించుకోవడం తీరిక ఉన్న రోజు పని. రాత్రి ఎనిమిదికి ఓటీపీ కోసం యజమాని ఫోన్ వెతకడం నేను చూశాను. ఈ-వే బిల్లు పోర్టల్‌లో డిస్పాచ్ మనిషికి సబ్-యూజర్ లాగిన్ ఇప్పించండి. అకౌంటెంట్ ఇంటికి వెళ్లాక కూడా బిల్లు వెళ్లాలి కదా.

యాప్‌తో పాటు సొంత జాబితా ఒకటి ఉండాలి. పది పన్నెండు మంది చాలు. అందులో రకాలు ఉండాలి: వరంగల్‌లో సొంత బండ్లున్న ఓనర్లు నలుగురు, ఉప్పల్, పటాన్‌చెరు వైపు ఫ్లీట్ ఉన్నవాళ్లు ముగ్గురు, కరీంనగర్, రామగుండం వైపు నుంచి ఇద్దరు, మీ సరుకు ఎక్కువగా పోయే ఊరి ట్రాన్స్‌పోర్టర్లు ఇద్దరు. చివరి ఇద్దరినీ చాలామంది వదిలేస్తారు. కానీ మహారాష్ట్ర నంబరు బండి గీసుగొండ టెక్స్‌టైల్ పార్కులోనో, ఎనుమాముల మార్కెట్ దగ్గరో సరుకు దింపి సొంతూరికి ఖాళీగా పోవాల్సి ఉంటే, దానికంటే మంచి బేరం మీకు ఎవరూ ఇవ్వలేరు. ఆ బండి ఇక్కడ ఉందన్న సంగతి మన అడ్డాలో కంటే పూణె ఆఫీసులో బాగా తెలుస్తుంది.

ఈ జాబితాలో ప్రతివాళ్ల దగ్గర పాన్, జీఎస్టీ ఉంటే ఆ నంబరు, బ్యాంకు వివరాలు, క్యాన్సిల్డ్ చెక్కు ముందే తీసి పెట్టుకోండి. పది లేదా అంతకంటే తక్కువ బండ్లున్న ఓనరైతే పాన్‌తో కూడిన డిక్లరేషన్ తీసుకుంటే టీడీఎస్ (కిరాయిలోంచి ముందే పట్టుకునే ఆదాయపన్ను) కోయాల్సిన పని ఉండదు. ఆ కాగితం లేక, పేమెంట్ రోజున పేచీలు వస్తాయి.

ఇంకొకటి: రాత్రి పూట కిరాయికి ఒప్పుకునే అధికారం ఎవరిది? "40 వేల దాకా డిస్పాచ్ ఇన్‌ఛార్జి, ఆపైన యజమానికి ఫోన్" అని కాగితం మీద రాసి ఉండాలి. బిడ్లు వచ్చాక సంతకం కోసం రెండు గంటలు ఆగితే, మంచి బండి ఇంకో లోడుకు వెళ్లిపోతుంది. అది మన కోసం కాసుకుని కూచోదు.

లోడు వివరం ఎలా రాయాలి

"వరంగల్ టు పూణె, 2.5 టన్, అర్జెంట్, రేటు చెప్పండి." సగం పోస్టులు ఇలాగే ఉంటాయి. దీనికి వచ్చే రేట్లన్నీ గాలిలో రేట్లే. బండి గేటు ముందుకొచ్చాక "పెట్టెలున్నాయని చెప్పలేదు కదా, ఓపెన్ బాడీ తెచ్చాను" అంటాడు.

బరువు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. మన బండ్లలో సుమారుగా టాటా ఏస్ ముప్పావు టన్ను, పికప్ టన్నున్నర, 14 అడుగుల ఐషర్ నాలుగు టన్నులు, 19 అడుగులది ఏడు టన్నులు, 32 అడుగుల సింగిల్ యాక్సిల్ కంటెయినర్ ఏడు, మల్టీ యాక్సిల్ పద్నాలుగు పదిహేను టన్నులు మోస్తాయి. కానీ బరువు సరిపోయిన చోట నేల సరిపోకపోవచ్చు. 1.2 మీటర్లకు 1 మీటరు ప్యాలెట్లు ఆరు ఉన్నాయనుకోండి. 14 అడుగుల బండి వెడల్పు దాదాపు ఆరు అడుగులు. రెండు ప్యాలెట్లు పక్కపక్కన పట్టవు. ఒకే వరుసలో పెడితే ఆరు మీటర్ల పొడవు కావాలి, బండిలో ఉన్నది నాలుగు మీటర్ల పైచిలుకు. బరువు రెండున్నర టన్నులే అయినా 14 అడుగుల బండి పనికిరాదు. అదే సరుకును 900కు 800 మిల్లీమీటర్ల చెక్కపెట్టెలు ఎనిమిదిగా కడితే, రెండేసి చొప్పున నాలుగు వరుసలు హాయిగా పడతాయి. అందుకే ప్యాకింగ్ వాళ్లను అడగకుండా పోస్ట్ రాయకూడదు.

మొత్తం 2,400 కిలోలూ ఒకేసారి పోక తప్పదనుకుంటే, నేను వాడే నమూనా ఇది. దీన్నే ఫోన్‌లో దాచుకుని అంకెలు మారుస్తాను:

"లోడింగ్: మడికొండ, కాజీపేట దగ్గర. అన్‌లోడింగ్: చాకన్ ఎంఐడీసీ, పూణె. సుమారు 730 కిలోమీటర్లు. సరుకు: మెషిన్డ్ కాస్టింగులు, 8 చెక్కపెట్టెలు, ఒక్కోటి 300 కిలోలు, మొత్తం 2,400 కిలోలు. ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు. బండి: 14 అడుగుల క్లోజ్డ్ కంటెయినర్ మాత్రమే, లోపల తడి ఉండకూడదు. వెనక తలుపు నుంచి ఫోర్క్‌లిఫ్ట్ లోడింగ్, హమాలీ ఖర్చు మాది. బండి గేటుకు రావాల్సింది: ఈ రోజు సాయంత్రం 6.30. చేరాల్సింది: రేపు సాయంత్రం 6 లోపల. ఇద్దరు డ్రైవర్లు తప్పనిసరి. వేరే సరుకు కలపకూడదు, దారిలో బండి మార్చకూడదు. రేటు టోల్‌తో కలిపి, జీఎస్టీ విడిగా చెప్పాలి. బిడ్‌తో పాటు బండి నంబరు, ఇప్పుడు ఎక్కడుందో చెప్పాలి. బిడ్లు 5.15 వరకే."

చివరి రెండు వాక్యాలు అన్నిటికంటే ముఖ్యం. బండి నంబరు అడగగానే చేతిలో బండి లేని బ్రోకర్లు సగం మంది తప్పుకుంటారు. బ్రోకర్లంటే నాకు కోపమేం లేదు. చాలాసార్లు ఆదుకున్నది వాళ్లే. కానీ బ్రోకర్ మీద బ్రోకర్, వాడి మీద ఇంకో బ్రోకర్ చేరితే, మీరిచ్చిన 35 వేలలో డ్రైవర్ దగ్గరికి చేరేది 27 వేలే అవుతుంది. ఆ 27 వేల బండి మీ టైముకు ఎందుకు పరుగెత్తుతుంది?

బిడ్లు పిలవడం

అరగంట నుంచి ముప్పావు గంట టైము చాలు. అంతకంటే ఎక్కువిస్తే రేటు కొంచెం తగ్గుతుందేమో గానీ, ఒక గంట పోతుంది. ఆ గంటలో బండి స్టేషన్ ఘన్‌పూర్ దాటిపోయేది.

ఒకరి రేటు ఒకరికి కనబడే రివర్స్ ఆక్షన్ నెల కాంట్రాక్టులకు బాగుంటుంది. అర్జెంట్ లోడుకు వద్దు. పక్కవాడి రేటు చూసి వెయ్యి తగ్గించేవాడు ఆ వెయ్యిని ఎక్కడో రాబట్టుకుంటాడు. రెండో డ్రైవర్ మాయమవుతాడు, లేదా దారిలో ఇంకో పార్టీ సరుకు ఎక్కుతుంది. ఒకే విడత, ఎవరి రేటు వాళ్లదే. మీ గరిష్ఠ కిరాయి ఎంతో ముందే రాసి జేబులో పెట్టుకోండి, ఎవరికీ చెప్పకండి. అందరి రేటూ అంతకు మించితేనే ఇంకో పదిహేను నిమిషాలు పొడిగించండి.

బిడ్లు చదవడం

ఇక్కడే అసలు పని. లెక్క అర్థం కావడానికి నాలుగు బిడ్లు ఊహించుకుందాం. అంకెలు ఉదాహరణ కోసమే. డీజిల్ ధర, సీజన్ బట్టి అవి మారతాయి.

మొదటిది 27,500. బండి నంబరు లేదు. "బండి రెడీ సార్, కన్ఫర్మ్ చేయండి, నంబర్ పంపిస్తా." రెండోది 34,000. బండి ఉప్పల్‌లో ఉంది, నంబరు ఇచ్చాడు, ఒకే డ్రైవర్. మూడోది 31,000. మహారాష్ట్ర బండి, గీసుగొండలో మధ్యాహ్నం సరుకు దింపింది, ఇంటికి పోవాలి, ఒకే డ్రైవర్. నాలుగోది 41,000. హనుమకొండ బండి, ఇద్దరు డ్రైవర్లు, అరగంటలో గేటు దగ్గర ఉంటానన్నాడు.

మొదటి దాన్ని పక్కన పెట్టండి. అర్జెంట్ లోడులో మిగతావాళ్లకంటే బాగా తక్కువ పలికిన రేటును చూసి సంతోషపడకూడదు, భయపడాలి. నంబరు లేని బిడ్ అంటే, వాడు మీ లోడును ఇంకో గ్రూపులో పెట్టి 24 వేలకు బండి వెతుకుతున్నాడని అర్థం. ఒకసారి నేను ఇలాంటి రేటుకే పడ్డాను. సాయంత్రం ఏడుకు రావాల్సిన బండి రాత్రి పదకొండున్నరకు వచ్చింది. తలుపు తెరిస్తే లోపల సగం వరకు వేరేవాళ్ల ప్లాస్టిక్ కుర్చీలు. "మీ పెట్టెలు వెనకాల పట్టేస్తాయి సార్" అన్నాడు డ్రైవర్. పాపం, వాడికి అర్జెంట్ అని ఎవరూ చెప్పనే లేదు. ఆ రాత్రి ఇంకో బండి పట్టడానికి నేను మిగిల్చాననుకున్న డబ్బుకు రెండింతలు పోయింది.

ఉప్పల్ బండి మన షెడ్డుకు రావాలంటే వంద కిలోమీటర్ల పైన ఖాళీగా రావాలి. ఐదున్నరకు బయలుదేరితే ఊరు దాటి, 163వ నంబరు జాతీయ రహదారి మీద భువనగిరి, జనగామ మీదుగా వచ్చేసరికి తొమ్మిది. మళ్లీ అదే దారిలో వెనక్కి. అంటే మన సరుకు రాత్రి ఒంటిగంటకు గానీ ఆ బండి మొదట ఉన్న చోటును దాటదు. కిరాయిలో ఖాళీ ప్రయాణం డబ్బు కూడా మనమే ఇస్తున్నాం.

ఇప్పుడు టైము లెక్క. ఐషర్ లాంటి బండికి టోల్, చాయ్, డీజిల్ కోసం ఆగే టైము వదిలేసి నడక సగటున గంటకు 42 కిలోమీటర్లు వేసుకోండి. 80 దాటి పోకుండా స్పీడ్ గవర్నర్ ఉంటుంది, ఘాట్లు, ఊళ్లు ఉంటాయి. మ్యాప్ చూపించేది కారు టైము, దాన్ని నమ్మొద్దు. 730ని 42తో భాగిస్తే దాదాపు పదిహేడున్నర గంటలు. ఏడింటికి బండి కదిలితే, ఆగకుండా నడిపితే రేపు మధ్యాహ్నం పన్నెండున్నర. డ్రైవర్ ఒక్కడే అయితే కనీసం ఐదు గంటలు పడుకోవాలి. సాయంత్రం ఐదున్నర అవుతుంది. గడువు ఆరు. సోలాపూర్ దగ్గర ఒక్క పంక్చరయితే అయిపోయినట్టే. పైగా ఒక్క మనిషితో పదిహేడు గంటలు నడిపించడం తప్పు. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టమే రోజుకు ఎనిమిది గంటల పని అని పెట్టింది. నిద్రమత్తులో నడిపే బండిలో మన సరుకు ఉండటం సంగతి తర్వాత, ఆ మనిషికీ పిల్లలున్నారు. అందుకే ఇద్దరు డ్రైవర్లు అన్న షరతు దగ్గర బేరం ఆడకూడదు.

అప్పుడు మిగిలింది మూడు, నాలుగు. నేనైతే మూడోవాడికి ఫోన్ చేస్తాను. "అన్నా, మీ బండికి ఇంకో డ్రైవర్‌ను కలపగలరా? అదనంగా నాలుగు వేలు ఇస్తాం." ఓనరు ఒప్పుకుని రెండో మనిషి లైసెన్సు ఫోటో ఆరు లోపల పంపితే 35,000కు ఖాయం. బండి ఇంటి దారి పడుతోంది, కాబట్టి డ్రైవర్‌కు కూడా తొందరే. అతను వెతుకుతున్న టైములో నాలుగోవాణ్ని వదిలేయకండి. "ఆరు లోపల చెప్తాను" అని నిజం చెప్పి పట్టుకుని ఉండండి. మూడోవాడికి కుదరకపోతే 41,000కు పోవాల్సిందే. అది ఎక్కువ కాదు, ఆ టైముకు చేర్చే బండి అసలు ధర అదే.

ఖరారు చేసే ముందు బండి నంబరును ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ తేదీలు, పర్మిట్ చూడాలి. చాకన్ పోయే బండి జహీరాబాద్ దాటి కర్ణాటక, తర్వాత మహారాష్ట్ర తొక్కుతుంది. నేషనల్ పర్మిట్ లేకపోతే బార్డర్లోనే ఆగుతుంది. డ్రైవర్‌తో నేరుగా మాట్లాడి వాట్సాప్ లైవ్ లొకేషన్ తెప్పించుకోండి. "గీసుగొండలో ఉన్నా" అన్న బండి లొకేషన్ సూర్యాపేటలో కనబడితే అక్కడికక్కడే కథ ముగిసింది. యాప్‌లో రేటింగ్ నక్షత్రాలు చూస్తాను గానీ, లొకేషన్‌ను నమ్మినంతగా వాటిని నమ్మను.

రేట్లు పోల్చేటప్పుడు జీఎస్టీ సంగతి మరవొద్దు. ఎల్‌ఆర్ (సరుకు ఎక్కించుకున్నట్టు ఇచ్చే లారీ రసీదు) ఇచ్చే ట్రాన్స్‌పోర్టరు తాను జీఎస్టీ వేయకపోతే, కిరాయి మీద 5 శాతం రివర్స్ ఛార్జ్ కింద ఫ్యాక్టరీయే కట్టాలి. బిల్లులోనే పన్ను వేసేవాళ్ల లెక్క వేరు. ఇద్దరి అంకెలనూ పన్ను తీసేసి పక్కపక్కన పెట్టి చూడండి.

ఖరారు, అడ్వాన్స్

ఫోన్‌లో "సరే" అనుకుంటే చాలదు. వాట్సాప్‌లోనో, యాప్‌లోనో ఒక్క మెసేజ్‌లో అన్నీ రాసి, అవతల నుంచి "ఓకే" అని రాతలో తెప్పించండి: బండి నంబరు, ఇద్దరు డ్రైవర్ల పేర్లు, కిరాయి మొత్తం, అడ్వాన్స్ ఎంత, గేటుకు వచ్చే టైము, చేరే టైము, అక్కడ దింపడానికి ఎన్ని గంటలు ఉచితం, ఆపైన హాల్టింగ్ (బండిని ఆపి ఉంచినందుకు ఇచ్చే డబ్బు) రోజుకు ఎంత.

ఆలస్యమైతే కోత పెట్టాలా? నా అభిప్రాయం: పెద్ద కోత పెట్టకండి. గంటకు రెండు వేలు కోస్తామని రాస్తే డ్రైవర్ చీకట్లో తొక్కుతాడు. దానికి బదులు టైముకు చేరితే డ్రైవర్ల చేతికే 1,500 బహుమానం అని రాయండి, ఓనరు ఖాతాలో కాదు. మా అనుభవంలో ఇదే బాగా పనిచేసింది.

అడ్వాన్స్ మన దగ్గర కిరాయిలో ఎక్కువ భాగమే అడుగుతారు, అది రివాజు. కానీ బండి గేటులోకి వచ్చి, నంబరు ప్లేటు, ఆర్‌సీ, లైసెన్సు చూసి, సరుకు ఎక్కాకే వేయండి. "డీజిల్‌కు ఐదు వేలు ముందు కొట్టండి, బండి బయలుదేరుతుంది" అని తెలియని నంబరు నుంచి వచ్చే ఫోన్ చాలాసార్లు మోసమే. ఖాతా పేరు బండి ఓనరు పేరుతోనో, ట్రాన్స్‌పోర్ట్ పేరుతోనో కలవాలి. కలవకపోతే ఎందుకో రాతలో అడగండి.

లోడింగ్, కాగితాలు

బండి వస్తుంటే కాగితాలు తయారవుతూ ఉండాలి, వచ్చాక మొదలుపెట్టకూడదు. టర్నోవర్ 5 కోట్లు దాటిన యూనిట్లకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు. అందులో సరుకు వివరాలుండే పార్ట్-ఏ ముందే నింపి పెట్టుకుని, బండి నంబరు కళ్లతో చూశాక బండి వివరాలుండే పార్ట్-బి నింపండి. ఒక్క అంకె తప్పు పడితే దారిలో గంటలు పోతాయి. గడువు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున వస్తుంది, కాబట్టి 730 కిలోమీటర్లకు నాలుగు రోజులు. అర్జెంట్ బండికి గడువు సమస్య రాదు. వచ్చేది బండి మారినప్పుడే.

ఇన్సూరెన్స్ గురించి ఒక లెక్క చెప్తాను. రోడ్డు రవాణా చట్టం 2007, దాని కింద 2011 నిబంధనల ప్రకారం, ఎక్కువ విలువ ప్రకటించి దానికి తగ్గ రేటు కట్టకపోతే, సరుకు పోయినప్పుడు ట్రాన్స్‌పోర్టరు బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. 35 వేల కిరాయికి మూడున్నర లక్షలు. పెట్టెల్లో ఉన్నది తొమ్మిది లక్షల సరుకైతే? ఏడాదికి ఒకసారి ఓపెన్ ట్రాన్సిట్ పాలసీ తీసుకుని, ప్రతి డిస్పాచ్‌ను అందులో నమోదు చేసుకోవడమే మంచి దారి. ఒక్క ట్రిప్పుకు కూడా పాలసీ దొరుకుతుంది గానీ, ఆ రాత్రి హడావిడిలో దాని వెంట పడటం కష్టం.

కాంటా వేయించి, పెట్టెలు తాళ్లతో కట్టి, లోపలి ఫోటోలు నాలుగు, సీల్ నంబరు ఫోటో ఒకటి తీసుకోండి. "బండి బరువు నిండినా ఇంకో అర టన్ను వేసేద్దాం, ఎలాగూ పోతోంది కదా" అనే ఆశ ఎవరికైనా పుడితే, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకు 20 వేలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు జరిమానా అని రాసి ఉన్న సంగతి గుర్తు చేయండి. అదీ కాక, ఆపిన బండి అక్కడే ఆగుతుంది.

దారిలో

గంట గంటకు ఫోన్ చేసి డ్రైవర్‌ను విసిగించకండి. నడిపేవాడు ఫోన్ ఎత్తడం మనకే ప్రమాదం. లొకేషన్ షేరింగ్ ఉంటే చాలు. చాకన్ బండికి నేను నాలుగు చోట్ల టైములు రాసుకుంటాను: ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడం, పటాన్‌చెరు దగ్గర దిగడం, హుమ్నాబాద్, సోలాపూర్. హైదరాబాద్ ఊరి లోపలికి దూరకుండా ఔటర్ మీదే పొమ్మని గట్టిగా చెప్పాలి. టోల్ మిగుల్చుకుందామని లోపలికి పోయిన బండి రెండు గంటలు పోగొడుతుంది. పూణెలోకి రాకుండా చాకన్ చేరే దారి, పగటి పూట పెద్ద బండ్లకు ఉన్న ఆంక్షలు పార్టీని అడిగి డ్రైవర్‌కు ముందే పంపండి.

ఏ చోటైనా గంటన్నర ఆలస్యం దాటితే అప్పుడు కదలాలి. ముందు డ్రైవర్, తర్వాత ఓనరు, వెంటనే పార్టీ. పార్టీకి ఆలస్యం సంగతి మీ నోటి నుంచే ముందు తెలియాలి. వాళ్లు ఫోన్ చేసి అడిగే దాకా ఆగితే మీ మాటకు విలువ పోతుంది. బండి చెడిపోతే ఇంకో బండిలోకి మార్చాల్సి వస్తుంది. కొత్త బండి నంబరును ఈ-వే బిల్లు పార్ట్-బిలో మార్చాకే కదలనివ్వండి, మార్చే ముందు, తర్వాత పెట్టెల ఫోటోలు తెప్పించండి. సోలాపూర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టరు నంబరు మీ జాబితాలో ఉంటే ఆ రాత్రి దాని విలువ తెలుస్తుంది.

బండి దొరకని రోజులు

ఉత్తర తెలంగాణలో కిరాయి ఏడాదంతా ఒకేలా ఉండదు. వానాకాలం వడ్లు కొనే రోజుల్లో, మళ్లీ యాసంగి కోతలప్పుడు లారీలు కొనుగోలు కేంద్రాల నుంచి మిల్లులకు తిరుగుతుంటాయి. ఎనుమాములకు పత్తి దిగే నెలలు, తర్వాత మిర్చి దిగే నెలలు కూడా అంతే. కానీ పెద్ద లారీలు దొరకని ఆ రోజుల్లోనే, బయటి రాష్ట్రాల నుంచి సరుకు తెచ్చి తిరిగి పోయే కంటెయినర్ బండ్లు కొన్ని చవకగా దొరుకుతాయి. వడ్లకు క్లోజ్డ్ కంటెయినర్ ఎవరూ పెట్టరు. పోస్టులో బాడీ రకం సరిగ్గా రాయమన్నది ఇందుకు కూడా.

రెండేళ్లకోసారి మేడారం జాతర వారంలో ములుగు వైపు ట్రాఫిక్ మళ్లింపులు ఉంటాయి. భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు సరుకును ఆ వారం అసలు పెట్టుకోకండి, ముందు వారమే పంపేయండి. ఇక వానలు. 2023 జులైలో మోరంచపల్లి మునిగిన వారం, 2024 సెప్టెంబర్ 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన రోజు, ఎంత కిరాయి ఇచ్చినా కొన్ని దారుల్లో బండి కదలలేదు. అలాంటి రోజున బిడ్ వేసినవాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న రేటు కాదు, "ఏ దారిన పోతావు?" అని. జవాబులో ఊళ్ల పేర్లు వరసగా చెప్పగలిగినవాడికే లోడు ఇవ్వండి.

సరుకు దిగాక

దింపేటప్పుడు పెట్టె పగిలినా, తడిసినా ఎల్‌ఆర్ మీద అక్కడికక్కడే రాయించి, పార్టీ ముద్ర, డ్రైవర్ సంతకం తీసుకోమని చెప్పండి. క్లీన్‌గా సంతకం పెట్టి, మరునాడు డ్యామేజీ అంటే ఎవరూ వినరు. ట్రాన్స్‌పోర్టరు మీద కోర్టుకు పోవాల్సి వస్తే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల లోపల రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. చూద్దాం చూద్దాం అనుకుంటూ ఆరు నెలలు దాటించినవాళ్లు నాకు తెలుసు.

పీఓడీ (సరుకు అందినట్టు పార్టీ సంతకం పెట్టిన కాగితం) ఫోటో రాగానే బ్యాలెన్స్ వేసేయండి. ఒరిజినల్ కాగితం పోస్టులో వచ్చేదాకా చిన్న ఓనరు డబ్బు ఆపడం చాలా ఫ్యాక్టరీల అలవాటు. ఆ ఓనర్లు ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకుంటారు. మీ తర్వాతి అర్జెంట్ లోడుకు రాత్రి ఏడింటికి ఎన్ని బిడ్లు వస్తాయన్నది ఇక్కడే తేలిపోతుంది.

చివరగా ఒక నోటుబుక్కో, ఎక్సెల్ షీటో. ప్రతి అర్జెంట్ లోడుకు ఒక వరుస: తేదీ, ఊరు, ఎన్ని బిడ్లు వచ్చాయి, తక్కువ ఎంత, ఇచ్చింది ఎంత, గేటుకు వస్తానన్న టైము, వచ్చిన టైము, చేరతానన్న టైము, చేరిన టైము, ఎందుకు అర్జెంట్ అయింది. ఏడాది తర్వాత ఆ చివరి గడి ఒక్కటే పైనుంచి కిందికి చదవండి. మా షీటులో సగానికి పైగా వరుసల్లో ఉన్న కారణం రవాణాది కాదు, ప్లేటింగ్‌కు (లోహపు పూతకు) బయటికి పంపిన సరుకు రెండు రోజులు లేటుగా రావడం. ఆ ప్లేటింగ్ వాణ్ని మార్చాక, ఏడాదికి నాలుగు లోడ్లు తగ్గాయి.